నేనే నేర్చుకున్నానని చెప్పాను

ఇన్నేళ్ళుగా నా మీద బరువుగా కూర్చున్నది ఒక చిన్న ఇంగ్లీషు వాక్యం. అందులో వ్యాకరణం తప్పు లేదు. తడబాటు లేదు. నేను ఎవరి ముందూ తడబడకుండా పలికిన మొదటి ఇంగ్లీషు మాటల్లో అదొకటి. ఆ వాక్యంతోనే, నాకు మాట్లాడటం నేర్పిన మనిషిని ఉద్యోగం నుంచి వెళ్ళగొట్టాను.

నేనెవరో మీకు తెలియదు. తెలియకపోవడమే నాకు ధైర్యం. మదనపల్లెలో ఒక డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెబుతాను, అంతవరకు తెలిస్తే చాలు. పిల్లలు నన్ను మంచి టీచరంటారు. మా క్లాసులో భయం లేకుండా మాట్లాడొచ్చంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ మాట మార్చేస్తాను. ఎందుకో చెప్పాలంటే నేను డిగ్రీ చదివిన రోజుల దగ్గర మొదలుపెట్టాలి.

మాది పుంగనూరు. నాన్నకు బజారులో చిన్న బట్టల కొట్టు. పొద్దున్నే బస్సెక్కి మదనపల్లె కాలేజీకి వచ్చేదాన్ని. అది ఇప్పుడు నేను పనిచేస్తున్న కాలేజీ కాదు. ఇంగ్లీషు పరీక్షలో నాకెప్పుడూ మంచి మార్కులే. కానీ నోరు తెరిస్తే ఏమీ రాదు. మొదటి సంవత్సరం వైవాలో నా గురించి చెప్పమన్నారు. బట్టీ పట్టిన పేరాగ్రాఫు గడగడా అప్పజెప్పాను. సారు మధ్యలో ఆపి, ఏ బస్సులో వస్తావని ఇంగ్లీషులోనే అడిగారు. రోజూ వచ్చే బస్సు. నాకు మాట రాలేదు. సారు నవ్వి, సరే పొమ్మన్నారు. బయటికొచ్చి కుళాయి దగ్గర నిలబడి ఏడ్చాను. ఇది జాలి కోసం చెప్పడం లేదు. నేను ఎక్కడ నుంచి లేచి వచ్చానో మీకు తెలియాలి. అప్పుడే నన్ను లేపిన మనిషి విలువ తెలుస్తుంది.

రెండో సంవత్సరంలో సెల్వి మేడం వచ్చారు. వాళ్ళది కుప్పం. ఇంట్లో అరవం, బజారులో తెలుగు, చుట్టాలతో కన్నడం. ఆ మూడూ కలిసిపోయిన మాట ఆమెది. మొదటి రోజు క్లాసులోకి వస్తూనే ఆమె అడిగింది ఒక్కటే, ఈ రోజు పొద్దున మీలో ఎవరికైనా ఏదైనా జరిగిందా అని. నేను చెయ్యెత్తి, అంతలోనే దించేశాను. ఆమె చూశారు.

“యాల దించినావమ్మా? ఏమైంది పొద్దున?”

ఇంగ్లీషులో చెప్పడం రాదన్నాను.

“నీకు వచ్చే భాషలో సెప్పు ముందు. ఏం సెప్పల్లో తెలిస్తే గదా, ఎట్ల సెప్పల్లో వెతుక్కునేది?”

ఆ రోజు దారిలో టమోటాల లారీ ఒరిగిపోయింది. మా బస్సులోని ఆడవాళ్ళందరూ దిగి కొంగుల్లో టమోటాలు ఏరుకున్నారు. డ్రైవరు హారన్ కొడుతూనే ఉన్నాడు. తెలుగులో అదంతా చెప్పాను. క్లాసంతా నవ్వింది. ఇప్పుడు అదే కథను ఇంగ్లీషులో చెప్పమన్నారు, రాని మాట దగ్గర తెలుగు మాట పెట్టి దాటిపొమ్మన్నారు. చెప్పాను. సగం తెలుగే. తర్వాత మమ్మల్ని గ్రౌండులోకి తీసుకెళ్ళి, ఇద్దరిద్దరుగా నడుస్తూ చెప్పుకోమన్నారు. ఒకరికి చెప్పాక ఇంకొకరికి, ఆ తర్వాత మరొకరికి. ప్రతిసారీ కొంచెం తక్కువ సేపట్లో. మూడో అమ్మాయికి చెప్పేటప్పటికి నా నోట్లో మాటలు వాటంతట అవే దొర్లాయి. ఆ క్షణం నాకింకా గుర్తుంది. నేను నడుస్తున్నాను, ఎండ పడుతోంది, నేను ఇంగ్లీషు మాట్లాడుతున్నాను.

ఆమె పద్ధతి అదే. మాట మధ్యలో ఎవరినీ ఆపేవారు కాదు. ఎదుటివాళ్ళు వాక్యం ముగించేదాకా ఎవరూ నవ్వకూడదు. తప్పులన్నీ గుర్తుపెట్టుకుని, చివర్లో ఎవరివో చెప్పకుండా బోర్డు మీద రాసేవారు. ఒక్కోసారి తను పలికిందే తప్పని మధ్యలో తోస్తే నవ్వి, మళ్ళీ సరిగ్గా అనేవారు. టీచరుకు కూడా తప్పు దొర్లుతుందని చూడటం మాకు ఎంత బలమిచ్చిందో ఇప్పుడు, నేనూ ఆ కుర్చీలో కూర్చున్నాక తెలుస్తోంది.

నా జత నాగవేణి. వాళ్ళది పెద్దమండ్యం, హాస్టల్లో ఉండేది. తెలివైన పిల్ల. కానీ ఒక్కో మాట మధ్య ఎంతో సేపు ఆగిపోయేది. మేడం ఆమె కోసం అంతసేపూ ఆగేవారు. నాకు విసుగొచ్చేది. నేనప్పటికే క్లాసులో అందరికంటే బాగా మాట్లాడుతున్నాను. ఆ సంగతి నాకు తెలుసు, అందరికీ తెలియాలని ఉండేది.

చివరి సంవత్సరం కాలేజీ వార్షికోత్సవం వచ్చింది. వేదిక మీద ఇంగ్లీషులో స్వాగతం చెప్పాలి. అది నాదే అనుకున్నాను. ఎవరూ చెప్పకుండానే తయారవుతున్నాను. నాన్నను కొట్టు మూసి రమ్మన్నాను. మేడం నాగవేణి పేరు చెప్పారు.

స్టాఫ్ రూము బయట ఆమెను పట్టుకుని అడిగాను. ఆమె నా భుజం మీద చెయ్యి వేశారు.

“నీకు వచ్చేసిందమ్మా. నువ్వు యాడైనా మాట్లాడతావు. ఆ పిల్లకు ఈ ఒక్క అవకాశం కావల్ల.”

ఇప్పుడు ఆ మాట ఎంత న్యాయమో నాకు తెలుసు. రోజూ నేను చేసేది అదే కదా, మాట్లాడగలిగినవాళ్ళను కాస్త పక్కన పెట్టి, నోరు తెరవనివాళ్ళకు వంతు ఇవ్వడం? కానీ ఆ రోజు నాకు వినిపించింది వేరు. ఆమె నన్ను మోసం చేసిందనిపించింది. నన్ను ఇంతదాకా తీసుకొచ్చి, తీరా నలుగురూ చూసే వేళకు చెయ్యి వదిలేసిందనిపించింది. ఆమె మీద నాకున్న ఇష్టమంతా ఒక్క మధ్యాహ్నంలో విరిగిపోయింది.

వేదిక మీద నాగవేణి రెండు వాక్యాలు చెప్పి ఆగిపోయింది. హాలు వెనక నుంచి ఈలలు మొదలయ్యాయి. కింద నిలబడిన మేడం చేత్తో సైగ చేస్తున్నారు, నిదానంగా, నిదానంగా అని. నాగవేణి మిగిలినది తెలుగూ ఇంగ్లీషూ కలిపి ముగించింది. ముఖ్య అతిథి పక్కన కూర్చున్న, కాలేజీ నడిపే కరస్పాండెంటు ముఖం మాడిపోయింది. తెర వెనక నాగవేణి గట్టిగా ఏడుస్తూ మేడాన్నే నిలదీసింది, “నన్ను యాల ఎక్కించినారు మేడం? అందరూ నవ్విరి. మీరే నవ్వించినారు నన్ను.” మేడం కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయి. నేను అక్కడే ఉన్నాను. నాకు సంతోషం వేసింది. ఇది రాయడానికి ఎంతసేపు ఆగానో మీకు తెలియదు. అవును, సంతోషమే వేసింది.

ఆ సాయంత్రం నాన్న బస్సులో అన్నాడు, “ఇంగ్లీషు సెప్పే టీచరమ్మ క్లాసులో తెలుగు మాట్లాడేదేంది? దానికి నేను సాలును గదా.” నేను కాదనలేదు.

తర్వాతి వారం ప్రిన్సిపాల్ పిలిపించారు. కాలేజీలోకి బయటి నుంచి ఒక శిక్షణ సంస్థను తీసుకురావాలని వాళ్ళు అప్పటికే అనుకుంటున్నారు. క్యాంపస్‌లో తెలుగు మాట వినబడకూడదన్నది ఆ సంస్థ నియమం. ఆ పద్ధతికి పిల్లల నోళ్ళు మూతపడతాయని స్టాఫ్ మీటింగులో సెల్వి మేడం ఒక్కరే ఎదురు చెప్పారట. ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది. గదిలో ప్రిన్సిపాల్, కరస్పాండెంటు, ఆ సంస్థ తరఫున వచ్చిన ఒకాయన ఉన్నారు. నన్ను కూర్చోమన్నారు. ఆ గదిలో ఒక విద్యార్థి కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు. ప్లేస్‌మెంట్లు వస్తున్నాయని, నాలాంటి అమ్మాయి పేరు అందరికంటే ముందుంటుందని ప్రిన్సిపాల్ అన్నారు. తర్వాత ఇంగ్లీషులో ప్రశ్నలు మొదలుపెట్టారు.

ఆమె క్లాసులో తెలుగు మాట్లాడుతుందా? మాట్లాడుతుంది. పాఠం వదిలి గ్రౌండులో తిప్పుతుందా? తిప్పుతుంది. కథలు చెప్పిస్తుందా? అవును. తప్పు మాట్లాడితే వెంటనే దిద్దదా? దిద్దదు. చూడండి, అంతవరకు నేను ఒక్క అబద్ధమూ చెప్పలేదు. అన్నీ నిజాలే. నిజాలను అలా వరసగా పేర్చి ఒక మనిషిని ఎంత చిన్నది చేయొచ్చో ఆ గదిలో నాకు మొదటిసారి తెలిసింది. నా ఇంగ్లీషు ఎక్కడా ఆగలేదు. ఎదురుగా ఉన్నవాళ్ళు తలలూపుతుంటే నాకు ఇంకా ఊపొచ్చింది.

అప్పుడు ఆ సంస్థ తరఫున వచ్చినాయన అడిగారు, “మరి నీకింత బాగా ఎలా వచ్చింది? ఆమె నేర్పిందేనా?”

నేను చెప్పాను, “నో సర్. ఐ లర్న్‌ట్ ఇట్ ఆన్ మై ఓన్.”

ఆ ప్రశ్నకు నేను అవునని చెప్పి ఉంటే ఏమయ్యేదో నాకు తెలియదు. వాళ్ళు ఎలాగూ నిర్ణయించుకునే ఉన్నారేమో. చాలాసార్లు నాకు నేను అలా సర్ది చెప్పుకున్నాను. కానీ ఆ గదిలో ఆమెకు మిగిలిన ఒకే ఒక్క సాక్ష్యం నా గొంతు. ఆ గొంతుతోనే నేను ఆమెను కాదన్నాను.

సోమవారం నుంచి మేడం రాలేదు. క్లాసులోని అమ్మాయే ఒకరు అన్నీ చెప్పారని ప్రిన్సిపాల్ ఆమెతో అన్నారని ప్యూన్ ద్వారా తెలిసింది. ఆ అమ్మాయి పేరు మాత్రం చెప్పలేదట. నాగవేణి నన్ను గట్టిగా పట్టుకుని అడిగింది, ఎవరు చెప్పుంటారే అని. నాకేం తెలుసన్నాను.

శిక్షణ సంస్థ వచ్చింది. కొత్త సారు అందరినీ లేపి, స్వపరిచయం అప్పజెప్పించేవారు. తప్పు దొర్లితే అక్కడే ఆపి, మళ్ళీ మొదటి నుంచి చెప్పమనేవారు. కొన్నాళ్ళకు క్లాసులో మాట్లాడేది ఆయన ఒక్కరే. గ్రౌండులో నవ్వుతూ తప్పుల ఇంగ్లీషు మాట్లాడుకున్న అమ్మాయిలు, తెలుగు కూడా గొంతు దించి మాట్లాడుకోసాగారు. ప్లేస్‌మెంటు జాబితాలో నా పేరు లేదు. ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళి, మీరు మాటిచ్చారు కదా సార్ అన్నాను. “ఏం మాటమ్మా?” అన్నారు. నిజంగా మరిచిపోయినట్టే అన్నారు. ఆ రోజు బస్సులో పుంగనూరు దాకా నన్ను మోసం చేశారని కుమిలిపోయాను. మోసం. ఆ మాట వాడే హక్కు నాకుందా అని అప్పుడు తట్టలేదు.

ఎం.ఏ. చేసి టీచరునయ్యాను. మొదటి రోజు క్లాసులో పిల్లలందరూ నన్ను చూస్తూ మౌనంగా కూర్చున్నారు. ఆ మౌనం నాకు తెలిసిందే. ఏం చేయాలో ఆలోచించకుండానే నా నోటి నుంచి వచ్చేసింది, “పొద్దున ఏమైందో మీకొచ్చే భాషలో చెప్పండి ముందు.” నాకు వేరే పద్ధతి తెలియదు. మెల్లగా మా పిల్లలు మాట్లాడసాగారు. పేరొచ్చింది. ఒకసారి తోటి లెక్చరర్లకు ఈ పద్ధతి గురించి చెప్పమన్నారు. ఇదంతా ఎక్కడ నేర్చుకున్నారని ఒకావిడ అడిగింది. అనుభవంతో వచ్చిందన్నాను. మళ్ళీ అదే పని చేశాను. ఈసారి నన్ను ఎవరూ అడ్డంగా ప్రశ్నించలేదు, ఎవరూ ఆశ పెట్టలేదు. మరి ఎందుకు చెప్పలేకపోయాను? ఆమె పేరు పలికితే వెనకాలే మిగతాదీ బయటికొస్తుందని భయం. అంతేనా? కాదు. ఆ పొగడ్త నాకు బాగుంది.

రెండేళ్ళ కింద పరీక్షల పని మీద కుప్పం వెళ్ళాను. అక్కడి టీచర్లలో ఒకరు మాటల్లో సెల్వి మేడం ఊళ్ళోనే ఉందన్నారు. వెళ్ళకుండా వచ్చేయొచ్చు. ఎందుకు వెళ్ళానో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. రైలు స్టేషనుకు దగ్గరలో చిన్న ఇల్లు. ముందు గదిలో చాపల మీద కాలేజీ పిల్లలు నలుగురైదుగురు కూర్చుని, ఒకరికొకరు ఇంగ్లీషులో ఏదో కథ చెప్పుకుంటున్నారు. ఆ కాలేజీ తర్వాత మేడానికి ఇంకెక్కడా సరైన ఉద్యోగం దొరకలేదట. దొరికిన చోట నిలవలేదట. నన్ను చూడగానే గుర్తుపట్టారు. రెండు చేతులూ పట్టుకున్నారు. నేను టీచరునయ్యానని తెలిసి ఆమె ముఖం వెలిగిపోయింది.

పిల్లలను పంపించేసి కాఫీ పెట్టారు. తాగుతుండగా నెమ్మదిగా అన్నారు.

“ఆ కాలేజీ వాళ్ళ మీద నాకేం కోపం లేదమ్మా. వాళ్ళు అట్లాంటోళ్ళే. ఆ పిల్ల పోయి వాళ్ళకు సెప్పిందే, అదే నాకు బాధ... నాగవేణి.”

నేను గ్లాసు కింద పెట్టాను.

“నాగవేణి చెప్పిందా మేడం?”

“ఇంకెవరు? ఆ రోజు ఆఫీసు బయట నిలబడుండె, నేనే సూస్తిని. ఆ స్టేజి మీద జరిగిండేది మనసులో పెట్టుకునింది. తప్పు నాదే అనుకో, ఎక్కించకుండా ఉండాల్సింది. కానీ ఒక మాట నా మొగాన అడిగుంటే సరిపోయేది గదా? ఎన్నోసార్లు ఫోన్ చేసింది తర్వాత. నేను ఎత్తలేదు.” మళ్ళీ అన్నారు, “నీ మాదిరి పిల్లలు ఉండారు కాబట్టి సరిపోయె. లేకుంటే నేను సెప్పిందంతా తప్పే అనుకుందును.”

ఆ రోజు నాగవేణి హాస్టల్ సర్టిఫికెట్టు కోసం ఆఫీసు బయట నిలబడింది. నేను లోపలి నుంచి వస్తూ ఆమెను పలకరించాను కూడా, ప్లేస్‌మెంటు పని మీద పిలిచారన్నాను. మేడం నాగవేణిని చూశారు. నన్ను చూడలేదు.

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? ఆమె ఎదురుగా కూర్చుని ఉన్నారు. నోరు తెరిచాను. వచ్చింది మాత్రం, “బస్సుకు వేళవుతాంది మేడం.” ఆమె వీధి మలుపు దాకా వచ్చి సాగనంపారు.

మొన్న వేసవికి ముందు మా పిల్లలను హార్స్‌లీ హిల్స్ తీసుకెళ్ళాను. ఒక రిసార్టులో భోజనాలు. రిసెప్షన్‌లో నాగవేణి. బెంగళూరు నుంచి వచ్చినవాళ్ళతో ఇంగ్లీషులో మాట్లాడుతోంది. ఇప్పటికీ మాటకూ మాటకూ మధ్య ఆగుతుంది. కానీ భయపడి ఆగడం లేదు, సరైన మాట కోసం ఆగుతోంది, ఎదుటివాళ్ళు ఆగి వింటున్నారు. మేడం నేర్పింది ఆమె దగ్గర పూర్తిగా నిలిచింది. పని అయ్యాక బయటికి వచ్చి నా పక్కన కూర్చుంది.

“మేడం యాడుండారో తెలుసునా నీకు? ఆ రోజు ఏడుపులో ఏమేమో అంటిని. సారీ సెప్పల్ల అని ఎన్ని దినాల నుంచో అనుకుంటాండా. అప్పట్లో నా ఫోను ఎత్తనే లేదు. ఒక్క మాటకు ఇంత కోపమా అనిపిస్తాది. నేనేం చేస్తిని అంత పెద్ద తప్పు?”

ఆమె ఏ తప్పూ చేయలేదు. ఏడుస్తూ ఒక మాట అంది, అంతే. చేసినదాన్ని నేను. ఆమె పక్కనే కూర్చుని, ఆమె ఇచ్చిన టీ తాగుతున్నాను. ఇద్దరిని నేను విడదీశాను. ఇద్దరూ ఎదుటివాళ్ళే తమను గాయపరిచారనుకుంటూ ఇన్నేళ్ళు గడిపారు. ఆ ఇద్దరికీ నేను మాత్రం మంచిదాన్ని. మేడం సంగతి కనుక్కుని చెబుతానని నాగవేణి నంబరు తీసుకున్నాను.

కుప్పం వెళ్ళినప్పుడు తీసుకున్న నంబరుతో ఆ ఆదివారం మేడానికి ఫోన్ చేశాను. బాగున్నావా అమ్మా అన్నారు. ఇంకేమైనా మాట్లాడితే వెనక్కి తగ్గుతానని ముందే చెప్పేశాను.

“మేడం, ఆ రోజు ఆఫీసులో మాట్లాడింది నాగవేణి కాదు. నేను.”

నేను ఆగలేదు. వార్షికోత్సవం రోజు నాకు కలిగిన కసి చెప్పాను. వాళ్ళు అడిగినవి, నేను చెప్పినవి అన్నీ చెప్పాను. చివరి ప్రశ్నా, దానికి నేనిచ్చిన జవాబూ, ఆ ఇంగ్లీషు మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పాను. తర్వాత క్షమాపణ అడగడానికి మాటలు సిద్ధం చేసుకుని ఉంచాను. అవి చెప్పే చోటు రాలేదు.

అంతలోనే ఆమె అడిగారు, “నాగవేణి ఇప్పటి నంబరు ఉండాదా నీ తావ?”

ఇచ్చాను. ఒక్కో అంకె తిరిగి చదివి సరిచూసుకున్నారు. గొంతులో కోపం లేదు. నాకు తెలిసిన ఆ మనిషీ లేదు. ఎవరో కొత్త ఆవిడ నంబరు రాసుకుంటున్నట్టు ఉంది.

“సరే,” అన్నారు. ఫోన్ పెట్టేశారు.

మర్నాడు నాగవేణి నుంచి మెసేజి వచ్చింది. మేడం ఫోన్ చేసినారు, అని మాత్రమే ఉంది. నాకంటూ ఒక్క మాట లేదు. తిట్టినా బాగుండేదనుకున్నాను. తర్వాత అనిపించింది, నాకు ఏది బాగుంటుందో ఆలోచించి నన్ను ఓదార్చే పని వాళ్ళదెందుకవుతుంది? ఇద్దరూ మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ నాకు ఫోన్ చేయలేదు. నేనూ చేయలేదు. చేస్తే, నన్ను క్షమించారా లేదా అని అడగడానికే చేస్తానని నాకు తెలుసు.

మిమ్మల్నీ ఆ మాట అడగను. అది మీ చేతుల్లో లేదు. మీరు చివరిదాకా విన్నారు, మధ్యలో ఆపలేదు. ఇన్నాళ్ళూ ఎవరైనా సెల్వి మేడం పేరెత్తితే నేను మాట మార్చేసేదాన్ని. మార్చడానికి ఏ మాట వాడాలో కూడా ముందే చూసి పెట్టుకునేదాన్ని. ఇక ఆ పని లేదు. చేసింది చేసినట్టే ఉంది, దూరమైనవాళ్ళు దూరంగానే ఉన్నారు. దాచే పని మాత్రం అయిపోయింది.